దంతధావనము – దాని భయములు

విశాఖపట్టణమునకు పడమటి దెసను, సింహాచలపు కొండకు దిగువను గోపాలపట్నము కలదు. సింహాచలము పేర పిలువబడు రైలు స్టేషను ఈ పేటలోనిదే. పూర్వము ఇది పల్లె. నగరము పెరిగి పెరిగి దీనిని తనలో కలుపుకొనినది. అయినను పల్లెతనము పూర్తిగా తొలగిపోలేదనుటకు వేకువజామున ఆ సందులలో నడచినవారికి ఒక గురుతు కనబడును. ఒక అరుగుమీద వృద్ధుడొకడు కానుగపుల్ల నములుచు కూర్చుండును. ప్రక్కయింటి మేడమెట్లమీద అతని మనుమని ఈడు బాలుడు నోటినిండ నురుగుతో, చేత బ్రష్షుతో, సగము నిద్రలో నిలుచుండును. ఇద్దరి పనియు ఒకటే. పెద్దలు దానికి దంతధావనమని పేరు పెట్టిరి.

ఇంత సులభమైన పనికి భయపడువారు కూడ ఉందురా అని తోచవచ్చును. చీకటికి భయపడువారు కలరు, పరీక్షలకు భయపడువారు కలరు; పండ్లు తోముకొనుటకు భయమేమి? కాని అట్టివారు అనేకులు కలరు. సిగ్గుచేత వారు పైకి చెప్పుకొనరు. కొందరికి నాలుకమీద బద్ద పెట్టినంతనే కడుపులో త్రిప్పును. ఆ ఓకరింతకు వెరచి వారు వెనుకనున్న దవడపండ్ల జోలికి పోరు. కొందరికి చన్నీరు తగిలినచో పన్ను జివ్వుమనును. తోమిన కొలది పండ్లు అరిగిపోవునని కొందరు బెంగపెట్టుకొందురు. ఇవన్నియు చిన్నభయములు. అసలు భయము నెత్తురు. పుక్కిలించి ఉమ్మిన నీటిలో ఎర్రని చార కనబడినచో ఎంతటి ధైర్యవంతునికైనను గుండె జల్లుమనును. వ్రేలు తెగినవాడు ఆ వ్రేలిని కదపక కట్టుకట్టి ఉంచును. చిగురు తెగినదనుకొన్నవాడు కూడ అట్లే దానిని ముట్టక విడిచిపెట్టును. వ్రేలి విషయమున ఈ తర్కము మంచిదే. నోటి విషయమున మాత్రము ఇది తలక్రిందులగును.

గోపాలపట్నమున ఒక గృహిణికి జరిగినది ఇదే. ఆమెకు నలువది ఏండ్లు ఇంకను నిండలేదు. భర్త ఓడరేవులో ఉద్యోగి. ఒక్కతే కుమార్తె, ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఆ బిడ్డ కడుపున నున్న దినములలో ఆమె చిగుళ్ళు వాచి, తాకినంతనే రక్తము చిందుచుండెను. గర్భవతుల దేహమున కొన్ని హార్మోనులు హెచ్చుటచేత చిగుళ్ళు కొద్దిపాటి పాచికే ఉబ్బి ఎర్రబారుట వైద్యులు ఎరిగిన విషయమే. ప్రసవము తరువాత అది చాలవరకు తగ్గును. ఆమెకు ఈ సంగతి చెప్పినవారు లేరు. పురిటిమంచము మీదనున్న కోడలితో అత్తగారు, “అమ్మాయీ, బాలింత పండ్లు గట్టిగా తోమరాదు. ఇప్పుడు కదలినవి మరి బిగియవు” అనిరి. ఆ మాటలో ప్రేమయే గాని దురుద్దేశము లేదు. కాని నెల దినములకని చెప్పిన మాట పదునాలుగేండ్లు నిలిచిపోయినది. నాటినుండి ఆమె వ్రేలితో పళ్ళపొడి తీసికొని, నలుగురికి కనబడు ముందుపండ్లను మెల్లగా రాచి, నోరు కడిగికొని లేచుచుండెను. వెనుక పండ్లను ఆమె ఎన్నడును తాకలేదు.

ఇట్టి భయము ఒక్క దినమున కీడు చేయదు. మెల్లమెల్లగా అది మనుష్యుని జీవితమునుండి ఒక్కొక్క వస్తువును తీసికొనిపోవును. మొదట చెరకుముక్క పోయినది. తరువాత జంతికలు పోయినవి. ఒక ప్రక్కనే నములుట అలవాటైనది. పెండ్లిండ్లలో నలుగురు నవ్వునప్పుడు ఆమె చీరచెంగు నోటికి అడ్డముగా పెట్టుకొనుచుండెను. ఆమె తల్లికి నలువదియైదేండ్లు రాకమునుపే పండ్లన్నియు ఊడిపోయినవట. “మా పుట్టింటివారి పండ్లే అంత” అని ఆమె సమాధానపడెను. వంశమును నిందించుటలో ఒక సుఖము కలదు. ఇక చేయవలసిన దేమియు ఉండదు.

కుమార్తెకు ఒక పిప్పిపన్ను బాధించుటచేత తల్లి ఆమెను దంతవైద్యురాలి యొద్దకు తీసికొనిపోయెను. బిడ్డను చూచిన పిమ్మట వైద్యురాలు, తల్లి నోటికి చేయి అడ్డముంచుకొని మాటలాడుట గమనించి, ఆమెను కూడ కుర్చీలో కూర్చుండబెట్టెను. చేతికి ఒక చిన్న అద్దమిచ్చి, క్రింది ముందుపండ్ల వెనుకవైపు చూపెను. అచ్చట పసుపుపచ్చని గార గోడకు పట్టిన సున్నమువలె పేరుకొనియుండెను. “తోమినచో నెత్తురు వచ్చుచున్నదమ్మా, అందుచేత మానితిని” అని ఆమె చెప్పుకొనెను. “మానినందుననే వచ్చుచున్నది” అని వైద్యురాలు బదులు చెప్పెను.

ఈ మాట వినుటకు విడ్డూరముగా నుండును గాని, దీని వెనుక ఒక దీర్ఘచరిత్ర కలదు. హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణములో లీవెన్‌హుక్ అను బట్టలవర్తకుడుండెను. అతడు తన చేతితో అరగదీసిన చిన్న కటకముల ద్వారా కంటికానని వస్తువులను చూచుట వేడుకగా పెట్టుకొనెను. ప్రతిదినము ఉప్పుతో పండ్లు రుద్దుకొను శుచిమంతుడే అయినను, తన పండ్ల సందులలో పిండివంటి తెల్లని పదార్థము నిలుచుట అతడు గమనించెను. దానిని నీటిలో కలిపి చూడగా అందు లెక్కలేని సూక్ష్మజీవులు ఈదుచు, గిరగిర తిరుగుచు కనబడెను. 1683లో అతడు ఈ వింతను లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసి తెలిపెను. తెలుగు ఇంటిలో ‘పాచి’ యని పిలుచుకొనునది ఆ తెల్లని పదార్థమే. పాచి ముఖము కడుగక ఏమియు తినరాదను ఆచారమును పెట్టిన పూర్వులకు కటకములు లేవు. అయినను వారి మాట అచ్చమైనది.

ఆ పాచి చిగురు అంచున నిలిచియున్నచో అందలి సూక్ష్మజీవులు విడుచు విషపదార్థములకు చిగురు వాచును. శరీరము ఆ చోటికి రక్తమును అధికముగా పంపును. రక్తనాళములు ఉబ్బి, పైపొర పలుచబడి, తేలికగా తాకినను చిట్లును. కాబట్టి కనబడు నెత్తురు కుంచె చేసిన గాయము వలనిది కాదు. లోపల చాలదినములుగా నున్న వాపు వలనిది. నెత్తురు చూచి తోముట మానినచో పాచి హెచ్చును, పాచి హెచ్చినచో వాపు హెచ్చును, వాపు హెచ్చినచో మరునాడు మరింత నెత్తురు. భయము తన కారణమును తానే పెంచుకొనుచు పోవును. ఇట్లు కొన్నియేండ్లు గడచినచో వాపు లోనికి దిగి, పన్ను నాటుకొనియున్న ఎముకయే కరగుట మొదలిడును. అప్పుడు పన్ను నిజముగనే కదలును. మధుమేహ రోగులలోను, పొగాకు వాడువారిలోను ఈ నాశము త్వరితముగా సాగును.

దీనిని డెన్మార్కు దేశపు ఆర్హుస్ నగరమున హెరాల్డ్ లో అను దంతశాస్త్రజ్ఞుడును అతని సహచరులును 1965లో ప్రకటించిన ఒక ప్రయోగమున రుజువు చేసిరి. ఆరోగ్యవంతమైన చిగుళ్ళు గల పండ్రెండుగురు పండ్లు తోముకొనుట పూర్తిగా మానివేసిరి. పది దినములకు మొదలుకొని మూడు వారములలోపల పండ్రెండుగురి చిగుళ్ళును వాచినవి. తరువాత వారు తిరిగి శుభ్రము చేసికొన నారంభించిరి. సుమారు ఒక వారములో చిగుళ్ళు మరల యథాస్థితికి వచ్చినవి. మందు లేదు, సూది లేదు. ఆ పండ్రెండుగురు దంతవైద్యశాలకు చెందినవారే. పండ్ల విలువ ఎరిగియు వాటిని పాడుచేసికొనుటకు ఒప్పుకొనిన వారి సాహసమును మెచ్చుకొనవలసినదే.

చిగుళ్ళ నెత్తురునకు మరియొక ప్రసిద్ధ చరిత్ర ఓడలతో ముడిపడియున్నది గనుక ఓడరేవు పట్టణమున దానిని తలచుకొనుట తగును. పూర్వము నెలల తరబడి సముద్రముమీద నుండు నావికులకు చిగుళ్ళు కుళ్ళి, నెత్తురు కారి, పండ్లూడి, తుదకు ప్రాణములే పోవుచుండెను. 1747లో జేమ్సు లిండ్ అను ఓడవైద్యుడు అట్టి రోగులను రెండేసి మందిగా విభజించి వేర్వేరు చికిత్సలు చేసెను. నారింజలు, నిమ్మపండ్లు తినిన ఇద్దరును అందరికంటె ముందు కోలుకొనిరి. చిత్రమేమనగా అతడు ఎన్నుకొనిన రోగులును పండ్రెండుగురే. ఆ రోగము తాజా ఆహారములోని ‘సి’ విటమిను లోపించుటచే వచ్చునది. నిమ్మకాయ, ఉసిరికాయ, జామపండు దొరకు ఇండ్లలో అది అరుదు. ఇచ్చటి చిగుళ్ళ నెత్తురునకు నూటికి తొంబది పాళ్ళు పాచియే కారణమనినను అతిశయోక్తి కాదు.

గృహిణి కథలో ఒక చిక్కు మిగిలినది. గట్టిపడిన గార ఏ కుంచెకును లొంగదు. లాలాజలములోని సున్నపు లవణములు పాచిలో చేరి దానిని రాయిగా మార్చును. నాలుక క్రింద లాలాజలపు నాళములు తెరుచుకొనుటచేతనే క్రింది ముందుపండ్ల వెనుక గార ఎక్కువగా పేరుకొనును. దానిని పనిముట్లతో వైద్యులే తీయవలెను. ఇచ్చట మరల ఒక భయము: గార తీయించినచో పండ్లు వదులగునని ఊరివారందరు చెప్పుదురు. ఈ మాట పుట్టుటకు కారణము లేకపోలేదు. చిగురు అప్పటికే క్రిందికి జారియుండును. ఆ సందును గార కప్పియుండును. గార పోగానే సందు బయటపడి, ఊపిరి పీల్చినను చల్లగాలి తగిలి, పన్ను ఊగుచున్నట్లు తోచును. కొన్ని వారములలో వాపు తీసి చిగురు బిగియును. ఆమె రెండు దినములు ఆలోచించి తీయించుకొనెను. పై దవడపన్ను ఒకటి మాత్రము నిలుచు స్థితి దాటిపోయినది; దానిని పీకవలసి వచ్చెను. పై పన్ను పీకినచో కంటిచూపు పోవునని అత్తగారు అడ్డుపడిరి. పంటినరము వేరు, చూపునరము వేరు. చూపునరము కంటి వెనుకనుండి తిన్నగా మెదడునకు పోవును, పంటితో దానికి పొత్తు లేదు. పన్ను పోయినది, చూపు నిలిచినది. పోయిన పన్ను మాత్రము తిరిగి రాలేదు. పదునాలుగేండ్ల భయమునకు అది చెల్లించిన వెల.

ఇక ఇంటిలో చేయవలసిన పని మిగిలినది. వైద్యురాలు చెప్పిన పద్ధతి కష్టమైనది కాదు. మెత్తని కుంచె తీసికొనవలెను. దానిని పంటికి అడ్డముగా పెట్టి రంపమువలె లాగక, పన్నును చిగురును కలియుచోట ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్నగా కదల్పవలెను. రెండు నిమిషముల కాలము పట్టవలెను. ఉదయము ఒకసారి, రాత్రి నిద్రకు ముందొకసారి. పండ్ల సందులకు సన్నని దారమో, సందులకని చేసిన చిన్న కుంచెయో వాడవలెను. ఓకరింత వచ్చువారు నాలుకను చివరనుండి మొదలిడి, దినమునకు కొంచెము కొంచెముగా లోనికి పోవలెను. ఇటుకపొడి, ఊకబొగ్గు, గరుకు ఉప్పు పంటిపైనున్న గట్టిపొరను అరగదీయును. దేహమున అన్నిటికంటె గట్టిదైన ఆ పొర ఒకసారి అరిగినచో మరల పెరుగదు.

మొదటినాడు ఆమె కుంచె పెట్టగానే నురుగు ఎర్రబడెను. కన్నులు మూసికొని రెండు నిమిషములు పూర్తిచేసెను. రెండవనాడును అంతే. మూడవనాడు మానవలెనని తోచెను. కాని కుమార్తె వంటయింటి క్యాలెండరులో తల్లి తోముకొనిన ప్రతిదినమునకు పెన్సిలుతో ఒక గీత పెట్టుచుండెను, నెత్తురు వచ్చిననాడు గీత ప్రక్క ఒక చుక్క. ఆ బాలిక ఎదుట ఖాళీగడి విడుచుటకు ఆమెకు మనసొప్పలేదు. అయిదు చుక్కల తరువాత ఒకనాడు చుక్క లేదు. మరునాడు మరల వచ్చెను. పండ్రెండవ దినము మొదలు చుక్కలు అరుదైనవి. రెండు వారములు శ్రద్ధగా తోమినను నెత్తురు ఆగనిచో, లేదా తాకకయే కారినచో, చీము కనబడినచో, రక్తము పలుచబడుటకు మందులు వాడుచున్నచో వైద్యునికి చూపించుకొనవలసినదే. ఆమెకు ఆ అవసరము రాలేదు.

ఈ చిగుళ్ళను నొప్పింపరాదను జాగ్రత్త నేటి వైద్యులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. చరకసంహిత, దినమునకు రెండుమారులు, చిగుళ్ళకు బాధ కలుగకుండ పుల్ల నమలుమనినది. సుశ్రుతుడు పుల్ల పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును ఉండవలెనని కొలత కూడ చెప్పెను. చేదులో వేప, కారములో కానుగ, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప మేలనెను. గోపాలపట్నపు అరుగుమీది వృద్ధుడు ఆ జాబితాలోని ఒకదానినే నములుచున్నాడు. నైలాను కుంచెలు 1938లో పుట్టినవి. వేపపుల్ల వయస్సు ఎవరు చెప్పగలరు? అయితే కుంచెతో వాడు పేస్టులో ఫ్లోరైడు ఉండును. అది పంటిపొరను పుచ్చిపోకుండ కాపాడును. ఆ మేలు పుల్లకు లేదు.

ఫ్లోరైడు పేరు చెప్పినపుడు ఆంధ్రదేశమున మరియొక రకపు దిగులును తలచుకొనవలెను. త్రాగునీటిలో ఆ పదార్థము మితిమీరినచో పెరుగు వయస్సులోనే పిల్లల పండ్లమీద గోధుమరంగు చారలు ఏర్పడును. భారతదేశమున ఈ రోగము మొట్టమొదట 1937లో నెల్లూరు ప్రాంతమున గుర్తింపబడినది. పిమ్మట నల్లగొండ జిల్లా పేరు దీనితో ముడిపడిపోయినది. ఆ చారలు మురికి యనుకొని వాటిని పోగొట్టుటకు గరుకుపొడులతో గంటలకొలది రుద్దుకొనిన వారెందరో కలరు. చార పంటిపొర లోపలిది. ఎంత రుద్దినను పోదు. తోమక భయపడువారు ఒకవైపు, తోమి తోమి భయపడువారు మరియొకవైపు.

నెల గడచునప్పటికి ఆ ఇంట ఒక మార్పు వచ్చినది. చేతి అద్దము గృహిణికి నేస్తమైనది. రాత్రివేళ దీపము క్రింద నిలిచి ఆమె తన నోటిని చూచుకొనును. కుమార్తె నోటిని చూచును. ఒకనాడు ఆమె దృష్టి అత్తగారిమీదికి పోయెను. అత్తగారు చిన్ననాటినుండి అడ్డపొగ త్రాగువారు. చుట్ట యొక్క నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని పొగ పీల్చుటకు ఉత్తరాంధ్ర తీరమున అడ్డపొగ యని పేరు. గాలికి నిప్పు ఆరదని, చుట్ట చాలసేపు నిలుచునని దానిని మెచ్చుకొందురు. స్త్రీలే దీనిని ఎక్కువగా త్రాగుదురు. ఆ నిప్పు సెగ అంగిటికి ఏమి చేయునో విశాఖపట్టణపు వైద్యులు బహుకాలము క్రిందటనే గమనించిరి. శ్రీకాకుళము జిల్లా గ్రామములలో 10,169 మందిని పరీక్షించగా, అడ్డపొగవలన అంగిటిమీద పుట్టు మచ్చలను గూర్చి తెలిసిన వివరములు 1971లో ప్రకటింపబడినవి. ఆ మచ్చలలో కొన్ని క్యాన్సరుగా మారును.

“అత్తయ్యా, ఒకమారు నోరు తెరచెదరా?” అని కోడలు అడిగెను.

“ఈ వయస్సున నా నోటిలో ఏమున్నదే అమ్మాయీ, చూచుటకు?” అనుచునే అత్తగారు నోరు తెరచిరి. అంగిలి తెల్లబారి, నడుమ నడుమ ఎర్రని చుక్కలతో కనబడెను. ఒక్కచోట పుండువంటిది ఉండెను. ఆమెకు తెలియనే తెలియదు, నొప్పి లేదు.

సోమవారమునాడు వారిద్దరును బస్సెక్కి నగరములోని పెద్ద ఆసుపత్రికి పోయిరి. చిన్నముక్క తీసి పరీక్షకు పంపిరి. వారము దినములు ఆ ఇంట ఎవరును గట్టిగా మాటలాడలేదు. అది ఇంకను క్యాన్సరు కాలేదని, చుట్ట పూర్తిగా మానవలెనని, మూడు నెలలకొకమారు వచ్చి చూపించుకొనవలెనని వైద్యులు చెప్పిరి. గోపాలపట్నమున బస్సు దిగగానే అత్తగారు రొంటినుండి చుట్టకట్ట తీసి కోడలి చేతిలో పెట్టిరి. నాలుగు దినములు గడచిన తరువాత దానిని తిరిగి అడిగిరి. కోడలు ఇయ్యలేదు.